మాంట్‌గొమరీ జడ్జిగారి ముచ్చట

ఇంకో రెండు కట్టెలు ఎగదొయ్యి బాబూ, చలి గట్టిగానే ఉంది. అమ్మలూ, ఆ దుప్పటి కప్పుకుని ఇటు జరుగు. మీ అన్నయ్య లా చదువుతానంటున్నాడుగా, అందుకని ఇవాళ మన ఊరి ముచ్చట కాకుండా నేను ఉద్యోగం చేసిన చోటి ముచ్చట చెబుతా. అమెరికాలో అలబామా రాష్ట్రం, దాని రాజధాని మాంట్‌గొమరీ. అక్కడ ఫ్రాంక్ జాన్సన్ అని ఒక జడ్జిగారుండేవారు. నేనాయన్ని కలిసింది లేదు, పలకరించింది లేదు. కానీ ఆయన రాసిన కాగితం ప్రకారమే అన్నేళ్లు నా డ్యూటీ చేశాను. ఆ సంగతి తర్వాత చెబుతా.

ముందు ఒక్క విషయం తెలుసుకోండి. అక్కడ రాష్ట్రం కోర్టులు వేరు, కేంద్రం కోర్టులు వేరు. అలబామాలో రాష్ట్రం జడ్జీలు ఎన్నికల్లో నిలబడి ఓట్లు అడుక్కోవాలి. ఫెడరల్ జిల్లా కోర్టు జడ్జికి ఆ బాధ లేదు. ప్రెసిడెంటు పేరు పంపిస్తాడు, సెనేట్ సరేనంటుంది, ఇక ఆ మనిషి నడత చెడకుండా ఉంటే బతికినన్నాళ్లూ జడ్జే. జీతం కూడా తగ్గించడానికి వీల్లేదు. సాక్షుల్ని బోనెక్కించి వాళ్ల మొహం చూస్తూ వినేది ఈ జిల్లా కోర్టే, పైకోర్టులు చూసేదంతా కాగితాలే. కాకపోతే ఆ జడ్జి తన కోర్టు జిల్లాలోనే, ఆ జనం మధ్యే కాపురం ఉండాలి. అదే అంగడికి వెళ్లాలి, అదే వీధిలో నడవాలి. రాజ్యాంగం ఆయన కుర్చీని కాపాడుతుంది గానీ, ఊళ్లోవాళ్ల మనసు మార్చలేదు కదా.

ఈయన పుట్టింది 1918లో, అలబామా ఉత్తరాన విన్‌స్టన్ కౌంటీలో. ఆ పుట్టుక సంగతి చెప్పకుండా ముందుకు పోకూడదు. అదంతా కొండలూ గుట్టలూ, చిన్న చిన్న కమతాలు. పెద్ద పెద్ద పత్తి తోటలూ, వందలమంది బానిసలూ అక్కడ లేరు. 1861లో దక్షిణాది రాష్ట్రాలు దేశం నుంచి విడిపోతామన్నప్పుడు ఆ కౌంటీ తరఫున సభకు వెళ్లిన క్రిస్టఫర్ షీట్స్ అనే కుర్ర బడిపంతులు సంతకం పెట్టనన్నాడు. జైల్లో పెట్టినా మాట మార్చుకోలేదు. రాష్ట్రం దేశాన్ని వదిలి పోవచ్చు అంటే, మా కౌంటీ రాష్ట్రాన్ని వదిలి పోవచ్చు గదా అని అక్కడి రైతులు వాదించారని ఇప్పటికీ కథలు కథలుగా చెప్పుకుంటారు. జాన్సన్‌గారి నాన్న ఆ కౌంటీలో ప్రొబేట్ జడ్జి. రాష్ట్రమంతా డెమోక్రాట్లే ఉన్న రోజుల్లో శాసనసభలో ఒకే ఒక్క రిపబ్లికన్‌గా కూర్చున్న మనిషి. ఒంటరిగా నిలబడ్డం ఆ ఇంట్లో పిల్లలు చిన్నప్పటి నుంచీ చూసిందే.

యూనివర్సిటీ ఆఫ్ అలబామాలో లా చదివేటప్పుడు ఈయనకో స్నేహితుడుండేవాడు. మాటకారి, బాక్సింగ్ ఆడేవాడు, చేతిలో డబ్బుల్లేకపోయినా ఎన్నికల పిచ్చి. పేరు జార్జి వాలెస్. జాన్సన్, ఆయన భార్య రూత్, వాలెస్, ముగ్గురూ కలిసి తిరిగినవాళ్లే. ఆ పేరు గుర్తుపెట్టుకోండి, ముచ్చటంతా ఆ ఇద్దరి మధ్యే నడుస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో జాన్సన్ పదాతిదళంలో లెఫ్టినెంట్. నార్మండీలో దిగాడు, రెండుసార్లు గాయపడ్డాడు, పతకం తెచ్చుకున్నాడు. తిరిగొచ్చి జాస్పర్ అనే ఊళ్లో ప్లీడరీ పెట్టాడు. 1953లో కేంద్రం తరఫున ప్రాసిక్యూటరయ్యాడు. అప్పుడు ఒక కేసు నడిపాడు, విన్నప్పుడు నాకైతే ఒళ్లు జలదరించింది. ఇద్దరు రైతు అన్నదమ్ములు నల్లజాతి కూలీలకు బాకీలు అంటగట్టి, పారిపోతే వెంటపడి పట్టుకొచ్చి వెట్టి చేయించుకున్నారు. 1954లో! బానిసత్వం రద్దయి తొంభై ఏళ్లు అయిపోయాక. తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ చేత ఆ అన్నదమ్ములను దోషులనిపించాడాయన.

మరుసటేడు, 1955లో, ప్రెసిడెంటు ఐసెన్‌హోవర్ ఆయన్ని మాంట్‌గొమరీలో జిల్లా జడ్జిని చేశాడు, నవంబరులో ఆయన కుర్చీ ఎక్కాడు. వయసు 37. దేశంలో ఉన్న ఫెడరల్ జడ్జీలందరిలో చిన్నవాడు. నెల తిరక్కుండానే, డిసెంబరు 1న, అదే ఊళ్లో రోజా పార్క్స్ అనే ఆవిడ సిటీ బస్సులో తెల్లాయనకు సీటు ఇవ్వనంది. ఆ కథ మీరు బళ్లో చదువుకున్నారు. చదవని ముక్క ఏమిటంటే, బస్సుల్లో తెల్లవాళ్లనూ నల్లవాళ్లనూ విడదీసే రూలు కొట్టేసిన కేసు రోజా పార్క్స్ పేరు మీద నడవలేదు. ఫ్రెడ్ గ్రే అని పాతికేళ్ల నల్లజాతి ప్లీడరు ఇంకో నలుగురు ఆడవాళ్ల తరఫున వేరే దావా వేశాడు. ఆరీలియా బ్రౌడర్ పేరు ముందుంటుంది. వాళ్లలో క్లాడెట్ కాల్విన్ అనే పిల్ల రోజా పార్క్స్ కన్నా తొమ్మిది నెలల ముందే సీటు వదలనన్నందుకు అరెస్టయింది. అప్పటికి దానికి పదిహేనేళ్లు. అమ్మలూ, నీకన్నా ఒక్క ఏడాది పెద్ద.

రాష్ట్రం చట్టం చెల్లదు అనాలంటే ఆ రోజుల్లో ముగ్గురు జడ్జీల బెంచి కూర్చోవాలి. 1956 మేలో విన్నారు. విన్నాక లోపలి గదిలో పెద్దాయన రైవ్స్ ముందు చిన్నవాడినే అడిగారట, నీ అభిప్రాయం ఏమిటని. రాష్ట్రమే చట్టం చేసి మనుషుల్ని విడదీయడం రాజ్యాంగానికి విరుద్ధం, నేను వాదుల పక్షం అని జాన్సన్ చెప్పారు. రైవ్స్ నాదీ అదే మాటన్నారు. మూడో జడ్జి ఒప్పుకోలేదు. పది నిమిషాల్లో తేలిపోయిందని జాన్సన్ తర్వాత చెప్పేవారు. జూన్ 5న తీర్పు, నవంబరులో సుప్రీంకోర్టు ఖాయం చేసింది, డిసెంబరులో నల్లజాతి వాళ్లు బస్సెక్కి ఇష్టమొచ్చిన సీట్లో కూర్చున్నారు. ఆ రూలు పోయేదాకా బస్సెక్కమని 381 రోజులు నడిచి నడిచి కాళ్లు అరగదీసుకున్న జనం వాళ్లు. తీర్పు ఒక్కటే గెలిపించిందని అనుకోకండి, ఆ నడకా గెలిపించింది.

తీర్పు చెప్పినందుకు ఏం జరిగిందో వినండి. జాన్సన్‌గారి ఇంటి ముందు పచ్చికలో కు క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి దురహంకారుల గుంపు వాళ్లు శిలువ తగలబెట్టి పోయారు. పెద్దాయన రైవ్స్‌కు కారు ప్రమాదంలో పోయిన ఒక కొడుకుండేవాడు. ఆ అబ్బాయి సమాధి మీద చెత్త పోశారు. పిల్లాడి సమాధి మీద, బాబూ! ఆ మాట చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది. ఊళ్లో చాలామంది జాన్సన్‌గారిని చూసి మొహం తిప్పుకున్నారు. ఆయనకు గోల్ఫ్ ఇష్టం, చేపలు పట్టడం ఇష్టం. ఇంటి వెనక కొట్టంలో చెక్క చెక్కి నిలువెత్తు గడియారాలు చేసుకునేవారు. మనిషి తోడు తగ్గితే చేతిపనిలో పడటం నాకు తెలుసు.

ఆయన ఉద్యమకారుడేమో అనుకునేరు, కాదు. ముందున్న చట్టం ఏమంటే అదే చేసేవారు, అది తప్పుగా తేలినా సరే. టస్కీగీ అనే ఊళ్లో నల్లజాతి ఓటర్లను ఊరి బయటికి తోసెయ్యడానికి రాష్ట్రం చతురస్రంగా ఉన్న ఊరి హద్దుల్ని 28 మూలల బొమ్మగా గీసింది. ఆ కేసు ఆయన దగ్గరికొస్తే, హద్దులు గీసే పని శాసనసభది, నాకు అధికారం లేదని కొట్టేశారు. 1960లో సుప్రీంకోర్టు తొమ్మిదిమందీ ఒక్కమాటగా ఆ తీర్పును తిప్పికొట్టారు. కేసు వెనక్కి వచ్చాక ఆయనే ఆ హద్దులు చెల్లవని రాశారు. ఆ వినయం నాకు నచ్చుతుంది.

ఇప్పుడు స్నేహితుడి సంగతి. వాలెస్ అప్పటికి రాష్ట్రం కోర్టులో జడ్జి. 1958లో గవర్నరు పదవికి పోటీ చేసి ఓడిపోయాడు, ఇక నల్లజాతి వాళ్ల మీద విషం కక్కితేనే ఓట్లు రాలతాయని నిర్ణయించుకున్నాడు. కేంద్రం నుంచి పౌరహక్కుల కమిషన్ వచ్చి ఓటర్ల నమోదు పుస్తకాలు చూపించమంటే ఇవ్వనన్నాడు. జాన్సన్ ఇవ్వమని ఆర్డరు వేశారు. అప్పుడొక రాత్రి, ఎవరూ చూడకుండా, వాలెస్ జాన్సన్ ఇంటికొచ్చాడు. నాకు కొద్దిగా శిక్ష వెయ్యి, కొన్నాళ్లు జైల్లో ఉంటే ఎన్నికల్లో పనికొస్తుంది అని పాత స్నేహం కొద్దీ అడిగాడు. కాగితాలు ఇవ్వకపోతే వేసేది చిన్న శిక్ష కాదు అని చెప్పి పంపించారు జాన్సన్. వాలెస్ దొడ్డిదారిన ఆ పుస్తకాలు గ్రాండ్ జ్యూరీలకు ఇచ్చి, అక్కడి నుంచి కమిషన్‌కు చేరేట్టు చేశాడు. బయట మాత్రం నేను లొంగలేదని మీసం మెలేశాడు. జాన్సన్ తీర్పులో ఉన్నదున్నట్టు రాశారు: ఈయన అడ్డదారిలోనైనా ఆజ్ఞ పాటించాడు, కాబట్టి కోర్టు ధిక్కారం లేదు, పో అని. వాలెస్ ఆ అవమానం మర్చిపోలేదు. తర్వాత ఎన్నికల సభల్లో ఆ జడ్జిని అబద్ధాలకోరని తిట్టి తిట్టి, 1963లో గవర్నరయ్యాడు.

మధ్యలో 1961 ఉంది. ఫ్రీడమ్ రైడర్లని, తెల్లవాళ్లూ నల్లవాళ్లూ కలిసి బస్సుల్లో దక్షిణాదికి వచ్చిన కుర్రాళ్లు. మే 20న మాంట్‌గొమరీ గ్రేహౌండ్ బస్టాండులో దిగగానే కర్రలూ పైపులూ పట్టుకున్న గుంపు మీద పడింది. పోలీసులు లేరు. ఆ బస్టాండు ఫెడరల్ కోర్టు భవనాన్ని ఆనుకునే ఉంటుంది. కేంద్ర ప్రభుత్వం లాయరు జాన్ డోర్ ఆ భవనం కిటికీలోంచి చూస్తూ, రక్తాలు కారుతున్నాయని ఫోనులో వాషింగ్టన్‌కు చెబుతున్నాడు. నేను ఆ వీధిలో నడిచాను. రెండు భవనాల మధ్య దూరం చూస్తే, న్యాయం జరిగే చోటికి అంత దగ్గరలో అంత అన్యాయమా అనిపిస్తుంది. జాన్సన్ క్లాన్ వాళ్లనూ, చేతులు కట్టుకు కూర్చున్న పోలీసులనూ కట్టడి చేస్తూ ఆర్డరు ఇచ్చారు. ఆ రైడర్లను కూడా కొన్ని రోజులు ఆగమన్నారు. అది వాళ్లకు నచ్చలేదు. ఎవరికీ నచ్చాలని రాసింది కాదది.

1965 మార్చి. సెల్మా ఊరి వంతెన మీద ఓటు హక్కు కోసం నడుస్తున్నవాళ్లను పోలీసులు గుర్రాల మీదొచ్చి కర్రలతో, బాష్పవాయువుతో చితకబాదారు. రెండు రోజులకు మార్టిన్ లూథర్ కింగ్ మళ్లీ నడుస్తామన్నాడు. ముందు సాక్ష్యం వింటాను, అందాకా ఆగండి అని జాన్సన్ ఆర్డరు వేశారు. కింగ్ వంతెన దాకా వెళ్లి, మోకాళ్ల మీద ప్రార్థన చేసి వెనక్కి తిరిగాడు. కుర్రాళ్లకు కోపమొచ్చింది, జడ్జి మీదా, కింగ్ మీదా. విచారణ రోజుల తరబడి సాగింది. దెబ్బలు తిన్నవాళ్లు వచ్చి చెప్పారు. ఆ రోజు తీసిన ఫిల్ము కోర్టు హాల్లో దీపాలార్పి వేశారు. అయ్యాక జడ్జిగారు ఒక్క మాట మాట్లాడకుండా లేచి, గౌను సర్దుకుని లోపలికెళ్లిపోయారని అక్కడున్నవాళ్లు చెబుతారు. 17న తీర్పు. జరిగిన అన్యాయం ఎంత పెద్దదైతే, దాన్ని ఎదిరించి రోడ్డెక్కే హక్కు కూడా అంత పెద్దదవుతుందని రాశారు. అలాగని పగ్గాలు వదిలెయ్యలేదు. రోడ్డు రెండు వరసలే ఉన్న చోట 300 మందికి మించి నడవకూడదని లెక్క పెట్టి రాశారు. సెల్మా నుంచి మాంట్‌గొమరీ దాకా 54 మైళ్లు నడిచారు. ఆఖరి రోజు పాతికవేలమంది.

ఆ ఆఖరి రాత్రే, నడిచినవాళ్లను కారులో దించుతున్న వయోలా లియుజో అనే తెల్లావిడను క్లాన్ వాళ్లు కాల్చి చంపారు. ఐదుగురు పిల్లల తల్లి. రాష్ట్రం కోర్టు జ్యూరీ నిందితుణ్ణి వదిలేసింది. కేంద్రం పౌరహక్కుల మీద కుట్ర కింద కేసు పెట్టింది, అది జాన్సన్ ముందుకొచ్చింది. జ్యూరీలో అందరూ తెల్లవాళ్లే, అందరూ మగవాళ్లే. తేల్చలేకపోతున్నామని వస్తే, ఇంకా ఆలోచించండి అని వెనక్కి పంపారు. దోషులని తేల్చుకొచ్చారు. ఆ చట్టం కింద పదేళ్లే గరిష్ఠ శిక్ష, ముగ్గురికీ పదేళ్లూ వేశారు.

1967లో ఆయన అమ్మగారి ఇంటి మీద బాంబు వేశారు. టెలిఫోను పుస్తకంలో చనిపోయిన నాన్నగారి పేరు ఉంది, అదీ ఫ్రాంక్ జాన్సనే. కొడుకు ఇల్లనుకున్నారు. ఆవిడకు దెబ్బ తగల్లేదు, దేవుడి దయ. ఆ ఇల్లు వదిలి వెళ్లమంటే వెళ్లలేదు. జడ్జిగారి ఇంటికి ఏళ్ల తరబడి మార్షల్స్ కాపలా.

ఇక నా సంగతికొస్తా. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి, మీ తాతయ్యతో పాటు డెబ్బైల్లో నేనా రాష్ట్రానికి వెళ్లాను. మనవాళ్లు చాలామంది డాక్టర్లకు అప్పుడు ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో ఉద్యోగాలు దొరికాయి. ఎందుకు దొరికాయి? ఈ జడ్జిగారి వల్ల. 1970లో అలబామాలో సిగరెట్ల పన్ను తగ్గి డబ్బుల్లేక, టస్కలూసాలోని బ్రైస్ ఆస్పత్రిలో 99 మందిని తీసేశారు. అక్కడున్న రోగులు 5,000 మందికి పైనే. మానసిక వైద్యంలో కొంచెమైనా శిక్షణ ఉన్న డాక్టర్లు ముగ్గురు. మనిషి తిండికి రోజుకు యాభై సెంట్లు. తీసేసినవాళ్లలో ఒకావిడ మేనల్లుడు రికీ వయట్, పదిహేనేళ్ల కుర్రాడు. జబ్బేమీ లేదు, అల్లరివాడని అక్కడ పడేశారు. ఆ అబ్బాయి పేరు మీదే దావా. పార్ట్‌లో అని ఇంకో సంస్థ, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లది. అక్కడ ఒకర్ని చేతులు నోట్లో పెట్టుకోకుండా తొమ్మిదేళ్లు కట్టేసిన చొక్కాలో ఉంచారు. ఒకరు వేణ్నీళ్లు మీద పడి చచ్చిపోయారు.

మనిషిని వైద్యం కోసమని చెప్పి బలవంతంగా తాళం వేసి, వైద్యమే చెయ్యకపోతే అది జైలే, అది రాజ్యాంగం ఒప్పుకోదు. 1971లో జాన్సన్ చెప్పింది అదీ. ఆరు నెలలు గడువిచ్చారు, రాష్ట్రం చెయ్యలేదు. 1972లో ఆయనే కనీస ప్రమాణాలు రాసిచ్చారు. అది చదివితే తెలుస్తుంది బాబూ, మంచి తీర్పు ఎంత చిన్న చిన్న విషయాల్లో ఉంటుందో. ఒక గదిలో ఆరుగురికి మించి ఉండకూడదు, మనిషికి ఎనభై చదరపు అడుగులు. ఎనిమిదిమందికి ఒక మరుగుదొడ్డి, దానికి తలుపు. పదిహేనుమందికి ఒక షవరు. 250 మంది రోగులకు ఇద్దరు సైకియాట్రిస్టులు, నలుగురు డాక్టర్లు, పన్నెండుమంది నర్సులు. ఎవరి బట్టలు వాళ్లకుండాలి. ఉత్తరాలు ఎవరూ విప్పి చూడకూడదు. రోగుల చేత ఆస్పత్రి పని చేయిస్తే కనీస కూలి ఇవ్వాలి. స్నానాల నీళ్లు 110 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు మించకూడదు.

నా వార్డులో పొద్దున్నే ఒక ఆయా కుళాయి కింద థర్మామీటరు పట్టుకుని నిలబడేది. నీళ్లు ఆవిరి కక్కుతూ పడేవి. అద్దాలు తుడుచుకుని అంకె చూసి, గోడకు వేలాడే పుస్తకంలో రాసి, అప్పుడే మొదటి మనిషిని లోపలికి రానిచ్చేది. ఎందుకింత అని కొత్తలో అడిగితే, జడ్జిగారు చెప్పారు అంది. పార్ట్‌లోలో వేణ్నీళ్లకు చచ్చిపోయిన మనిషి సంగతి నాకు అప్పటికి తెలియదు, తెలిసిన రోజున ఆ పుస్తకం పాత పేజీలన్నీ తిరగేశాను. లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే ఒక ముసలావిడ ఉండేది, ఏళ్ల తరబడి ఊరికే చేసిన మనిషి. కూలి చేతికొచ్చాక కొంగుచాటున దాచుకున్నట్టు నోట్లను మేజోడులో దోపుకుని, నన్ను ఆపి మరీ చూపించేది. చర్మం ముడతలు పడ్డ ఆ చీలమండ దగ్గర ఆకుపచ్చ కాగితం అంచు ఇప్పటికీ కళ్లకు కడుతుంది.

జైళ్ల తీర్పు 1976లో ఇచ్చారు. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు కొట్లో ఆరుగురిని కుక్కేవారు. మంచం లేదు, దీపం లేదు, నేలలో ఒక కన్నమే దొడ్డి. దాన్నీ మార్చమన్నారు. వాలెస్ మండిపడ్డాడు, జడ్జి రాష్ట్రాన్ని ఏలుతున్నాడని. ఏలాల్సినవాళ్లు ఏలితే జడ్జికి ఆ పని ఎందుకు పడుతుంది? ఆ మాట నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

జడ్జిగారి ఇంట్లో దుఃఖం కూడా తక్కువేమీ కాదు. పెంచుకున్న ఒక్కగానొక్క కొడుకు 1975లో ప్రాణం తీసుకున్నాడు. దాని గురించి నేనింకేం చెప్పను. 1977లో ప్రెసిడెంటు కార్టర్ ఎఫ్‌బీఐకి డైరెక్టరుగా ఉండమన్నాడు, ఆరోగ్యం సహకరించక వద్దన్నారు. 1979లో పైకోర్టుకు వెళ్లారు.

వాలెస్ ఏమయ్యాడనా? 1972లో ఎవడో కాల్చాడు, నడుం కింద చచ్చుబడి చక్రాల కుర్చీలో పడ్డాడు. ముసలితనంలో నల్లజాతి చర్చిలకు వెళ్లి క్షమించమని అడిగాడు. జాన్సన్‌కూ కబురు పెట్టాడు. క్షమాపణ కావాలంటే దేవుణ్ణి అడుక్కోమన్నారట ఈయన. మీ తాతయ్యకు ఆ జవాబు కటువుగా అనిపించేది. నాకు అనిపించదు. అమ్మ ఇంటి మీద పడ్డ బాంబు లాంటి వాటిని ఉసిగొల్పే మాటలు మైకులో మాట్లాడింది ఎవరు? క్షమించే హక్కు ఆ జడ్జి ఒక్కడిదే అయినట్టు అడిగితే ఆయన మాత్రం ఏం చెప్తారు?

జడ్జిగారు 1999లో పోయారు, ఎనభై ఏళ్లు. విన్‌స్టన్ కొండల్లోనే మట్టి చేశారు. ఆ కోర్టు భవనానికి ఆయన పేరే పెట్టారు, పక్కన బస్టాండు ఇప్పుడు మ్యూజియం. జిల్లా కోర్టులో ఆయన ఖాళీ చేసిన కుర్చీలోకి 1980లో వచ్చినాయన మైరన్ థాంప్సన్. టస్కీగీలో పుట్టిన నల్లజాతి మనిషి. ఆ 28 మూలల హద్దులు గీసిన టస్కీగీలోనే. వయట్ కేసు కూడా ఆయన చేతికే వచ్చింది. ముప్పై మూడేళ్లు నడిచింది, ఎన్నిసార్లు లెక్కలు చెప్పించుకున్నారో, ఎన్ని కమిటీలు వేశారో. రాష్ట్రం చెయ్యాల్సింది చేసిందని తేల్చి 2003 డిసెంబరులో థాంప్సన్‌గారే ఆ ఫైలు మూశారు.